వానకారుకు ముందటి టీకా



ఏ వైద్యుని స్మృతికై ఆయన శిష్యులు ఈ ఉపన్యాసపు ధర్మనిధిని నెలకొల్పిరో, ఆయన తన రోగుల పుస్తకమున ప్రతి పేరు ప్రక్కను, రోగలక్షణమును వ్రాయుటకు ముందే, ఆ మనిషి చేయు పనిని ఒక్క మాటలో వ్రాసికొనెడివాడు: 'బీడీ', 'సాంచ', 'నాట్లు', 'దుబాయి', 'ముసలి, ఒంటరి'. ఆ పుస్తకములను తిరుగవేసినవారికి ఒక సంగతి తేటపడును. దగ్గుతో ఆయన గదిలోనికి వచ్చిన వారందరి దగ్గు ఒక్కటి కాదు. ఒక్కొక్కరి దగ్గు వెనుక వారి బ్రతుకుదెరువు నిలిచియున్నది. ఏటేట వచ్చు ఇన్‌ఫ్లూయెంజాకు ఇచ్చు టీకాను ఏయే జనవర్గములు ఏ మేరకు స్వీకరించుచున్నవి, స్వీకరింపనివి ఏల స్వీకరించుట లేదు అను విషయమును గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు, ఆ వైద్యుని పద్ధతియే నాకు దారిగా తోచినది. కావున జనవర్గములను వయస్సును బట్టి, ఆదాయమును బట్టి, చదువును బట్టి విడదీయుటకు ముందు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అను మన మూడు పట్టణములలో ఎవరు ఏ పనిచేసి బ్రతుకుచున్నారో ఆ ప్రకారముగా చూతము.

నేను మనవి చేయదలచిన దొక్కటియే. ఈ టీకాను కొందరు వేయించుకొనుట వారి వివేకమనియు, తక్కినవారు వేయించుకొనకపోవుట వారి అజ్ఞానమనియు చెప్పుట మనకు పరిపాటి యైనది. మన ప్రాంతమును కొంతకాలముగా చూచుచున్న వాడనగుటచే నేనీ మాట నొప్పుకొనజాలను. ఎవరి దారిలోనికి టీకాను ఒక సంస్థ తెచ్చి నిలిపినదో వారు చేయి చాచిరి. ఎవరి దారిలోనికి ఎవరును తేలేదో వారికి అట్టి టీకా ఒకటి కలదన్న సంగతియే తెలియదు. తెలియనిదానిని నిరాకరించుట యెట్లు సాధ్యము?

ముందుగా రోగమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. మనవారు దీనిని సర్ది అనియు, సర్దిజరమనియు తేలికగా అందురు. సామాన్యమైన పడిశము మూడు నాళ్లు ముక్కు కార్చి పోవును. ఇన్‌ఫ్లూయెంజా అట్లు గాక ఒక్క పూటలోనే మనిషిని మంచమున పడవేసి, కాగిపోవు జ్వరముతో, ఒడలెల్ల విరిచినట్టి నొప్పులతో, పొడిదగ్గుతో వారము దినములు పీడించును. బలముగలవాడు లేచి పనికి పోవును. వృద్ధుని, గర్భిణిని, పసిబిడ్డను, ఉబ్బసమో మధుమేహమో హృద్రోగమో కలవానిని అది పలుమారు న్యుమోనియాలోనికి దింపును. ఏటా ప్రపంచమున 30 లక్షల నుండి 50 లక్షల మందికి ఈ రోగము తీవ్రరూపము దాల్చుననియు, 2,90,000 నుండి 6,50,000 మంది దీనివలని శ్వాసకోశవ్యాధులతో మరణింతురనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ఊళ్లలో ఇట్టి మరణమునకు ఇన్‌ఫ్లూయెంజా అను పేరు రాదు. 'ముసలామెకు దమ్ము లేచింది, పోయింది' అందురు. 'గుండె ఆగిపోయింది' అందురు. పేరు లేని శత్రువుపై ఎవరును దండెత్తరు గదా!

ఒక్కమారు మాత్రము దానికి పేరు వచ్చెను. 1918లో బొంబాయి రేవు మీదుగా ప్రవేశించి, యుద్ధము నుండి మరలిన సైనికుల వెంట, రైలుమార్గముల వెంట దేశమంతట ప్రాకిన ఆ మహమ్మారి కోటికి మించిన భారతీయులను పొట్టన బెట్టుకొనెను. జగిత్యాల, సిరిసిల్లలు అప్పుడు నిజాము రాజ్యమున నుండెను. ఆ రాజ్యపు జనసంఖ్య 1911 లెక్కలలో ఒక కోటి ముప్పదిమూడు లక్షలకు పైబడియుండగా, 1921 నాటికి ఒక కోటి ఇరువదినాలుగు లక్షల చిల్లరకు దిగెను. పదేండ్లలో జనము పెరుగుటకు మారుగా తొమ్మిది లక్షలు తరుగుటలో ప్లేగునకు, కరవునకు పాలున్నమాట నిజమే. ఇన్‌ఫ్లూయెంజా పాలు చిన్నది కాదు.

ఆ మహమ్మారి నాటికి దానికి కారణమైన సూక్ష్మజీవి యెట్టిదో లోకమునకు తెలియదు. 1933లో లండను నగరమున విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఫెరెట్ అను జంతువునకు రోగి గొంతులోని ద్రవమును ఎక్కించి మనుష్యుల ఇన్‌ఫ్లూయెంజా వైరసును పట్టిరి. తరువాత కోడిగ్రుడ్డులో దానిని పెంచు ఉపాయము దొరకుటచే టీకా సాధ్యమై, 1945 నాటికి అమెరికాలో ప్రజల కందెను. అయినను మశూచి టీకావలె దీనిని ఒక్కమారు వేసి ఊరకుండుటకు వీలులేదు. సిరిసిల్ల నేతగాడు చీర ఒడలిని అట్లే యుంచి ఏటేట అంచు మార్చినట్లు, ఈ వైరసు తన పైపొరయందలి ప్రోటీనులను కొద్దికొద్దిగా మార్చుకొనుచుండును. నిరుటి అంచును గుర్తుపెట్టుకొన్న మన దేహపు కావలివాడు ఈ ఏటి చీరను పోల్చుకొనలేడు. అందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకు, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకు ఏయే వైరసులతో టీకా చేయవలెనో నిర్ణయింతురు. వైరసుల మార్పును వారెంత దగ్గరగా కనిపెట్టుచుందురో చెప్పుటకు ఒక్క నిదర్శనము చాలును: బి-యమగాట అను తెగ 2020 మార్చి తరువాత లోకమున ఎక్కడను కానరాలేదని నిశ్చయించుకొని, నాలుగు తెగల టీకాను మరల మూడు తెగలకు కుదింపుమని వారు 2023లో చెప్పిరి.

ఇచ్చట మన ప్రాంతమునకు మిక్కిలి ముఖ్యమైన సంగతి యొకటి కలదు. భూగోళమున మనము ఉత్తరార్ధమువారము. కాని మన ఇన్‌ఫ్లూయెంజా మంచుకాలముతో ముడిపడినది గాదు. శ్రీనగరమున అది చలికాలపు రోగము. దక్కనులో దాని ప్రధానమైన పొంగు వానలతో వచ్చును, జూలై నుండి సెప్టెంబరు వరకు. పిమ్మట చలికాలమున రెండవ పొంగు కొన్ని ఏండ్లలో కానవచ్చును. 2015 జనవరి, ఫిబ్రవరులలో హైదరాబాదు గాంధీ ఆసుపత్రి వార్డులు హెచ్1ఎన్1 అను ఇన్‌ఫ్లూయెంజా తెగ సోకిన రోగులతో నిండిన సంగతి మీకు జ్ఞాపకముండును. అంతకు ముందు, 2009 మే 16వ తేదీన, అమెరికా నుండి హైదరాబాదున దిగిన ఒక యువకునియందే ఆ వైరసు మన దేశమున మొట్టమొదట నిర్ధారింపబడెను. మన ప్రధానమైన పొంగు వానలతో వచ్చును కాబట్టి, అమెరికా బంధువులు ఫోనులో చెప్పినట్లు అక్టోబరు నెలలో టీకా వేయించుకొన్నవాడు మన ఊళ్లో వానకారు పొంగు దాటిపోయిన తరువాత గొడుగు కొన్నవాడగును. టీకా వేసిన రెండు వారములకు గాని దేహమున రక్షణ కుదురుకొనదు. కొన్ని నెలలకు ఆ రక్షణ సన్నగిల్లును. వైశాఖ జ్యేష్ఠములే మనకు తగిన కాలము. మృగశిర కార్తె ప్రవేశించునాటికి సూది పడియుండవలెను.

మృగశిర మాట వచ్చినది గనుక, ఒక దృశ్యమును మీ ముందుంచెదను. ఆ దినమున హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున బత్తిని వారి చేపమందుకై బారులు తీరు ఉబ్బసరోగులలో మన జిల్లాలవారును ఉందురు. ఆ మందు గుణమును విచారించుట ఇచ్చట నా పని కాదు. నేను చూచున దొక్కటి: వానలు పడకముందే ఊపిరికి కాపుదల కావలెనని, దానికొక తిథి కలదని, ఆ తిథికి రాత్రంతయు ప్రయాణము చేసియైనను చేరవలెనని మనవారు ఎరుగుదురు. ముందుజాగ్రత్త యన్నది తెలియని జనమని వీరిని గూర్చి ఎవరైన చెప్పినచో ఆ బారులను చూడుమని నేనందును.

దేశమున ఈ టీకా స్థితి యెట్లున్నది? 1985లో విస్తరించిన సార్వత్రిక టీకా కార్యక్రమమున దీనికి చోటు లేదు. వైద్యసిబ్బందికి దీనిని వేయవలెననియు, గర్భిణులకు, వృద్ధులకు, దీర్ఘరోగులకు వేయుట మేలనియు కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆరు నెలలు నిండినది మొదలు ఐదేండ్ల వరకు ఏటేట వేయింపుడని శిశువైద్యుల సంఘము చెప్పుచున్నది. చెప్పుట వేరు, సీసా తెచ్చి ఇచ్చుట వేరు. నలుబదియైదేండ్లు దాటినవారిని గూర్చి 2017-18లో దేశమంతట జరిగిన వృద్ధాప్య సర్వేలో ఈ టీకా ఎన్నడైన వేయించుకొన్నామని చెప్పినవారు నూటికి ఇద్దరైనను లేరు. వృద్ధులలో నూటికి డెబ్బదియైదుగురికి 2010 నాటికి ఈ టీకా అందవలెనని ప్రపంచ ఆరోగ్య మహాసభ 2003లోనే తీర్మానించియుండెను. మన దేశమున టీకాలు చేయుటకు శక్తి లేక కాదు. 2010లోనే అహమ్మదాబాదు, పూణె, హైదరాబాదు నగరముల కంపెనీలు హెచ్1ఎన్1 టీకాలను తయారుచేసి చూపినవి. ప్రపంచపు టీకాలలో పెద్దపాలును నింపు దేశమున, అందులోను హైదరాబాదునకు నాలుగైదు గంటల ప్రయాణదూరమున నున్న కోరుట్లలో, బీడీలు చుట్టు ముదుసలికి ఈ సూది అందకుండుట నాకు బాధ కలిగించుచున్నది.

ఆ కోరుట్లకే పోవుదము. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వీధులలో మధ్యాహ్నము నడచినవారికి ప్రతి అరుగు మీదను ఒకటే దృశ్యము: ఒడిలో చాట, చాటలో తంబాకు, ప్రక్కను తడిగుడ్డలో చుట్టిన తునికాకు. కత్తెరతో ఆకును కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరచి, చుట్టి, దారము కట్టి, కొసను వేలిగోటితో మడచు ఆ పని చూచుటకు నిమిషములో సగము పట్టదు. దినమునకు వెయ్యి చుట్టవలెనన్నచో ప్రొద్దు పొడుపు నుండి దీపాలవేళ వరకు తల వంచి కూర్చుండవలెను. ఆ దుమ్ము ఆమె చీరకొంగున, బిడ్డ ఉయ్యెలలో, అన్నపు గిన్నెపై పేరుకొనును. ఇరువదేండ్లు ఆ గాలి పీల్చిన స్త్రీ దగ్గు మొదలైనప్పుడు దానిని రోగముగా లెక్కింపదు. 'తంబాకు దగ్గు' అని ఊరకుండును. అట్టి ఊపిరితిత్తులకు ఇన్‌ఫ్లూయెంజా తగిలినచో ఆసుపత్రి మెట్లెక్కక తప్పదు. వైద్యశాస్త్రము 'దీర్ఘశ్వాసకోశరోగులు' అని వ్రాసి ముందువరుసలో నిలుపు జనవర్గము గ్రంథములలో ఎక్కడనో లేదు, ఆ అరుగులమీదనే ఉన్నది. ప్రైవేటు ఆసుపత్రిలో ఈ టీకా ధర వేయి రూపాయలు దాటియున్నది. నాలుగైదు దినములు చుట్టిన కూలి ఒక్క సూదికి పోయవలెను, అదియును ఏటేట.

అయినను కోరుట్లలోనే ఈ టీకాను వేయించుకొన్న బీడీకార్మికురాలిని నేను చూచితిని. ఆమె ధనవంతురాలు కాదు. హజ్ యాత్రకు పోవుచున్న ముదుసలి. యాత్రికులకు మెదడుపొరల వాపు రాకుండ మెనింజైటిస్ టీకాతో పాటు, వృద్ధులకు ఇన్‌ఫ్లూయెంజా టీకాను గూడ మన ప్రభుత్వమే వేయును. లక్షలాది మంది ఒక్కచోట గుమిగూడు యాత్రలో శ్వాసరోగములు ఎంత త్వరగా ప్రాకునో ఆ ఏర్పాటు చేసినవారు ఎరుగుదురు. జగిత్యాలలోని శిబిరమున ఆమె తన కార్డు చేతబట్టుకొని వరుసలో కూర్చుండెను. చూపుడువేలి గోరు తంబాకు రంగు పట్టి గోధుమవన్నెగానుండెను. సూది పడిన తరువాత దూదిని అదిమిపట్టుకొని నర్సు నడిగినది: 'బిడ్డా, గిది మా కోడలికి గూడ ఏస్తరా? ఆమె గూడ దమ్ముతోటి తిప్పల పడ్తది.' కోడలు హజ్‌కు పోవుట లేదు, కోడలికి వేయరు. నర్సు తల వంచి తరువాతి కార్డు తీసికొనెను. ఒకే అరుగు, ఒకే చాట, ఒకే దుమ్ము. ఒకరికి సూది కలదు, మరియొకరికి లేదు. ఆ ఇద్దరి మధ్య తేడా చదువులో లేదు, ధనములో లేదు, మతములో లేదు. ఒక కమిటీ కాగితములమీద అత్తగారి పేరుండుటయే తేడా. ఈ కొన్ని ఏండ్లుగా హజ్ గ్రీష్మమునందు వచ్చుచుండుటచే ఆ శిబిరములు మన వానకారుకు సరిగా ముందు పడుచున్నవి. తెలియకయే మనము సరియైన కాలమున సరియైన పని ఒకటి చేయుచున్నాము. అది కొద్దిమందికే చేయుచున్నాము.

ఇంకను చిత్రమైన సంగతి చెప్పెదను. ఆమె కొడుకు సౌదీలో నున్నాడు. ఈ జిల్లాలలో ఒకరైనను ఎడారిదేశములకు పోని వీధి కనబడదు. సౌదీ ఆరోగ్యశాఖ ఏటా తన పౌరులకే గాక అక్కడ నివసించు పరదేశులకు గూడ ఈ టీకాను ఉచితముగా ఇచ్చుచున్నది. రియాదులో కట్టడపు పనిచేయు ముప్పదియేండ్ల దృఢకాయునికి దొరకు రక్షణ కోరుట్లలోని అతని అరువదేండ్ల తండ్రికి దొరకదు. ఆ తండ్రియే ఇచ్చట మనుమలను బడికి దింపి, తెచ్చుకొని, రాత్రి ప్రక్కను పండబెట్టుకొనును. గల్ఫు కుటుంబమనగా మన ఊళ్లలో అవ్వ, తాత, కోడలు, పిల్లలు అని యర్థము. నడివయస్సు మగవాడు లేని ఇల్లు. వైరసునకు ఇంతకన్న అనువైన కూడలి వేరొకటి లేదు. ఏలనగా ఇన్‌ఫ్లూయెంజాను ఇంటికి తెచ్చునది పిల్లవాడు. దానికి బలియగునది తాత.

ఇది ఊహ కాదు. జపానుదేశము 1962 మొదలు తన బడిపిల్లలకు ఈ టీకాను వేసెను. 1977 నుండి పదేండ్లు అది నిర్బంధముగానుండెను. తరువాత ప్రజలలో సందేహములు పెరిగి, 1994లో కార్యక్రమమే నిలిచిపోయెను. 2001లో ప్రచురితమైన ఒక పరిశోధన ఆ కాలపు మరణముల లెక్కలను పరిశీలించి, పిల్లలకు టీకా వేసినంతకాలము చలికాలపు మరణములు తగ్గి, నిలిపిన పిమ్మట మరల పెరిగినవని చూపినది. 420 మంది పిల్లలకు వేసిన టీకాకు ఒక మరణము తప్పినదని దాని లెక్క. ఆ తప్పినవి పెక్కు వృద్ధుల మరణములే. మన బడులు జూన్ నడుమ తెరచుకొనును, వానలు అప్పుడే పడును, ఒక్క బెంచీపై నలుగురు పిల్లలు కూర్చుందురు. జపాను అనుభవము జగిత్యాల తాతకు పనికిరానిది యెట్లగును?

ఇక సిరిసిల్ల. మానేరు ఒడ్డున ఆ పట్టణములోనికి పోవుచుండగానే సాంచల, అనగా మరమగ్గముల, మోత చెవిన పడును. ఒక రేకుల షెడ్డులో పదుల సాంచలు ఒక్కపెట్టున ఆడుచుండ, మాట వినబడక పెదవుల కదలికతో కార్మికులు మాటలాడుకొందురు. గాలి వీచినచో పోగు తెగునని కిటికీలు మూసియుంతురు. నూలుపీచు కనురెప్పలమీద, మీసములమీద తెల్లగా కూర్చుండును. పన్నెండు గంటల పాళీ, సాంచకు సాంచకు నడుమ అడుగు దూరము, మూసిన గాలి: ఒకని దగ్గు అందరిది యగుటకు ఇంకేమి కావలెను? 2017 మొదలు కొన్నేండ్లు ప్రభుత్వపు బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు, దసరాకు ముందు గడువు తీర్చుటకై ఈ షెడ్లు రేయింబవళ్లు నడచిన నెలలును, ఇన్‌ఫ్లూయెంజా పొంగు నెలలును ఒక్కటే. సాంచ నడపినన్ని మీటర్లకే కూలి. జ్వరము వచ్చినదని ఇంట పడుకొన్నవాని సాంచ ఆగిపోవును, దానితో కూలియు ఆగిపోవును. కాబట్టి అతడు ఒక గోలీ మ్రింగి పనికి వచ్చును, ప్రక్కవానికి అంటించును. సేటు నుండి సాంచల యజమానియగు ఆసామికి, ఆసామి నుండి కార్మికునికి పని దిగివచ్చు క్రమము అందరికి తెలియును. రక్షణ ఏదియు ఆ క్రమమున దిగిరాలేదు. ఈ వర్గము ఆసుపత్రికి వచ్చి టీకా వేయించుకొనవలెనని కోరుట ఒక దినపు కూలి జరిమానా కట్టుమని కోరుటయే. సూదియే షెడ్డునకు పోవలెను, పాళీ మారు వేళకు, కూలి పంచు దినమున.

గర్భిణుల విషయము సంక్షేపముగా చెప్పెదను, ఏలనగా ఇచ్చట సందేహించుటకు తావు తక్కువ. 1918లోను, 2009లోను ఈ రోగము గర్భవతులను ఎంచి చంపినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2012లో టీకాకు అర్హులలో వారినే అగ్రస్థానమున నిలిపిరి. ఆరు నెలలలోపు శిశువునకు ఈ టీకా వేయరాదు. తల్లికి వేసినచో ఆమె రక్తము ద్వారా బిడ్డకు రక్షణ చేరును. పొరుగుననున్న బంగ్లాదేశమున జరిగి 2008లో ప్రచురితమైన పరీక్షలో, టీకా పొందిన తల్లుల శిశువులకు ఇన్‌ఫ్లూయెంజా నూటికి అరువదిమూడు పాళ్లు తగ్గెను. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ప్రతి నెల 9వ తేదీన గర్భిణుల పరీక్ష జరుగుచున్నది. ధనుర్వాతపు సూది ఆ దినముననే పడుచున్నది. చల్లని పెట్టె అక్కడనే కలదు, ఏఎన్‌ఎం అక్కడనే కలదు, తల్లి చేయి చాచి కూర్చుండియే యున్నది. ఆ పెట్టెలో ఇంకొక సీసా లేదు. అంతియే.

వైద్యసిబ్బందిని గూర్చి మాత్రము కొంచెము కటువుగా మాటలాడవలసియున్నది. జనులకు చెప్పు మనమే ఈ సూదిని వాయిదావేయుచున్నాము. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. అందు చదువు విద్యార్థులు, నర్సులు, ఊరూర తిరుగు ఆశాకార్యకర్తలు రోగికిని ఆరోగ్యవంతునికిని నడుమ దినమున నూరుమార్లు రాకపోకలు సాగింతురు. వృద్ధుని మంచము వద్దకు వైరసును మోసికొనిపోవు చేతులు మనవి కారాదు. పైగా ఆశాకార్యకర్త తాను వేయించుకొననిదానిని వాడకట్టులో ఎట్లు చెప్పగలదు? చెప్పినను ఎవరు నమ్ముదురు?

జనుల సందేహములు నేను విననివి కావు. 'సూది ఏస్తె జరం వస్తది' అని యొకరు, 'నిరుడు ఏసుకున్న, ఐనా సర్ది అయింది' అని యొకరు. మొదటివారికి: సాధారణముగా వేయు ఈ సూదిమందులోని వైరసు చంపబడినది, అది రోగమును కలిగింపజాలదు. చేయి ఒక దినము నొచ్చును, కొందరికి ఒళ్లు వెచ్చబడును, మరునాటికి తగ్గును. రెండవవారికి: ముక్కు కార్చు వైరసులు అనేకములు, ఈ టీకా ఇన్‌ఫ్లూయెంజాకే. అందులోను వైరసులకు టీకా బాగుగా సరిపోయిన ఏట నూటికి నలుబది నుండి అరువది పాళ్లు రోగమును ఆపును. సరిపోని ఏట అంతకన్న తక్కువ. ఈ లెక్కను దాచి, నూటికి నూరుపాళ్ల హామీ ఇచ్చి వేసిన టీకా మరుసటి ఏటికి తన విశ్వాసమును తానే పోగొట్టుకొనును. సగము మంది మంచమెక్కకుండుట, ఎక్కినవారిలో పెక్కుమంది ఆసుపత్రి మెట్లెక్కకుండుట కోరుట్ల వీధికి చిన్న మేలు కాదని ఉన్నదున్నట్లు చెప్పినచో మన జనము గ్రహింపగలరు.

పెద్దలకు టీకా వేయుట మన దేశమున సాధ్యము కాదనువారికి 2021వ సంవత్సరమే సమాధానము. ఆ జనవరి 16న మొదలైన కోవిడ్ టీకా అక్టోబరు 21 నాటికి నూరు కోట్ల మోతాదులకు చేరెను. బడిలో, పంచాయతీ ఆఫీసులో, చెట్టుక్రింద, వరినాట్ల నడుమ గట్టుమీద మన ఏఎన్‌ఎంలు వేసిరి. ఆనాడు మన బీడీకార్మికురాలు, సాంచకార్మికుడు, గల్ఫుకు పోవుటకు సిద్ధమైన యువకుడు ముగ్గురును ఒక్క వరుసలో నిలబడిరి. భయము లేక నిలబడలేదు. భయముతోనే నిలబడిరి, ఏలనగా సూది వారి వీధికి వచ్చినది, ఉచితముగా వచ్చినది, వేసినవారు తెలిసిన ముఖములు. ఆ వరుసలను చూచిన పిమ్మట గూడ మన జనులది నిరాసక్తత యని వ్రాయుట అన్యాయము.

కాబట్టి చేయవలసిన పనికి కొత్త శాఖలు అక్కరలేదు. మన యొద్ద జాబితాలు కలవు. 2014లో మొదలైన ఆసరా పింఛన్లలో వృద్ధుల పేర్లు, వితంతువుల పేర్లు, నేతకార్మికుల పేర్లు, తరువాత చేరిన బీడీకార్మికుల పేర్లు ఊరివారీగా వ్రాసియున్నవి. ఇన్‌ఫ్లూయెంజా ఎవరిని ముందు వెదకుచు వచ్చునో వారి పేర్లే అవి. పింఛను పంచు దినమున వారు ఎట్లును వత్తురు. బీడీ కార్ఖానాలో కట్టలు అప్పగించు వేళ గలదు. సాంచల షెడ్డున పాళీ మారు వేళ గలదు. బుధ, శనివారములలో పసిపిల్లల టీకాలకు తల్లులు వచ్చు దినములు గలవు. సీసాలు అందరికి చాలనప్పుడు ఎవరికి ముందు వేయవలెనని అడిగినచో, వైద్యసిబ్బందికి, గర్భిణులకు మొదట, పిమ్మట దమ్మురోగము, గుండెజబ్బు, మధుమేహము కల బీడీ, సాంచ కార్మికులకు, ఆపై పింఛను జాబితాలోని వృద్ధులకు అని నేనందును. బడిపిల్లల వంతు దాని తరువాతది, చేజారనీయరానిది. తొమ్మిదేండ్లలోపు పిల్లలకు మొదటి ఏట నాలుగు వారముల ఎడముతో రెండు మోతాదులు కావలెను గనుక వారి పని ఏప్రిల్‌లోనే మొదలు కావలెను.

మోతాదునకు అర మిల్లీలీటరు, రెండు నుండి ఎనిమిది డిగ్రీల చల్లదనము, గడ్డకట్టరాదు. మన ఆరోగ్యకేంద్రముల ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్లు పసిపిల్లల టీకాలకై ఈ నిబంధనను ఏండ్ల తరబడి పాటించుచునేయున్నవి. మిగిలినది సీసాలు కొనుట. మన పొంగు వానలతో వచ్చును గనుక మన కాలమునకు సరిపడునది దక్షిణార్ధగోళపు టీకా. దాని కూర్పు సెప్టెంబరులో ప్రకటితమగును. కంపెనీలు ఆ కూర్పుతో చలికాలమున సీసాలు నింపును. ఏప్రిల్ నాటికి అవి జగిత్యాల, సిరిసిల్ల జిల్లా గిడ్డంగులకు చేరవలెనన్నచో ఇండెంటు డిసెంబరులోపున పోవలెను. ఈ సభలో రెండు జిల్లాల వైద్యాధికారులును ఉన్నారు. వచ్చు డిసెంబరున తమ ఇండెంటులో ఈ టీకాకొక పంక్తి వ్రాయవలసినదని, మొదటి ఏటికి రెండు వైద్యకళాశాలల సిబ్బందికిని, 9వ తేదీన వచ్చు గర్భిణులకును, కోరుట్లలోని ఒక్క బీడీ కార్ఖానాకును, సిరిసిల్లలోని ఒక్క సాంచల వాడకును సరిపోవునన్ని మోతాదులైనను అందులో కోరవలసినదని వారికి మనవి చేయుచున్నాను.